బ్రూనో తాస్కాను ఎందుకు తీసేయలేదు

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, వానాకాలం నడుమ, కొత్తగూడెం బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపు పై అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సలహాదారుగా చేరాను. అప్పటికి నేను బొగ్గు గనుల పర్సనల్ విభాగంలో వెల్ఫేర్ ఆఫీసరుగా మొదలై, డిప్యూటీ పర్సనల్ మేనేజరుగా రిటైరై కొంతకాలమైంది. కొత్త ఆఫీసులో నా పని మోటారు రేసుల జట్లను నడిపే ఒక కంప్యూటర్ ఆటకు మనుషుల నియమాలు రాయడం. నా జీవితంలో నేను నడిపిన అతి వేగమైన వాహనం స్కూటర్. దాని మీద కూడా నలభై దాటితే మా ఆవిడ వెనక నుంచి భుజం గిల్లేది. ఇలాంటివాడికి రేసు కార్లతో ఏం పని అని మీరు అనుకుంటే, నేనూ అదే అనుకున్నాను.

ఆట సంగతి ముందు చెప్పాలి. ఇది కారు నడిపే ఆట కాదు. ఆడేవాడు జట్టుకు యజమాని. డ్రైవర్లను, మెకానిక్కులను పనిలో పెట్టుకోవాలి, టైర్లు ఎంచుకోవాలి, ఇంజను బాగుచేయించాలా కొత్తది చేయించాలా తేల్చుకోవాలి. ఆదివారం రేసు జరుగుతుంది గానీ దాన్ని ఎవరూ నడపరు. ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో చూసి సర్వరు లెక్క కట్టి ఫలితం చెబుతుంది. ఫోనులోకి ఏదీ దించుకోనక్కరలేదు, బ్రౌజరు తెరిస్తే చాలు. మనుషులు చాలనప్పుడు మిగతా జట్లను కంప్యూటరే నడుపుతుంది. దీన్ని తయారు చేయమన్నది యూరప్‌లో ఒక చిన్న కంపెనీ. వాళ్ళు పనిని హైదరాబాదు కంపెనీకి ఇస్తే, హైదరాబాదు వాళ్ళు తమ కొత్తగూడెం శాఖకు ఇచ్చారు. శాఖ అంటే నన్ను కలుపుకొని నలుగురం, ఒక ఇన్వర్టరు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు కిటికీ అద్దాలు గలగలమనేవి. విదేశీయులతో ఫోన్లో ఉంటే ఆ చప్పుడేమిటని వాళ్ళు కంగారుపడేవారు.

శాఖకు లీడ్ సునీత. వాళ్ళ నాన్న నేను వెల్ఫేర్ చూసిన గనిలో బొగ్గు కొట్టే కోల్‌కట్టర్. భర్త సంపత్ అండర్‌గ్రౌండ్‌లో ఎలక్ట్రీషియన్. పెళ్ళయ్యాక కూడా ఆమె కొన్నేళ్ళు హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసింది. శనివారం రైలెక్కి వచ్చి, ఆదివారం మళ్ళీ రైలెక్కి పోయేది. సంపత్ వెళ్ళి అక్కడుందామంటే హైదరాబాదులో బొగ్గు గని లేదు. కంపెనీ కొత్తగూడెంలో శాఖ తెరుస్తుందని తెలిసి, పట్టుబట్టి ఆ బాధ్యత నెత్తికెత్తుకుంది. ఆ శాఖ నిలబడితేనే ఆమెకు ఉద్యోగమూ ఇల్లూ ఒక ఊళ్ళో ఉంటాయి.

నేను చేరకముందు ఒకరోజు మా ఇంటికి వచ్చి చెప్పింది: “సార్, కార్ల సంగతి మేం జూస్కుంటం. టైర్ల అరుగుడు, పెట్రోలు, వాన, అన్నీ లెక్కలే. మనుషుల సంగతే మాకు తెల్వది. డ్రైవర్ను ఎట్ల తీస్కోవాలె, దెబ్బ తాకితే ఏం జెయ్యాలె, గిదంత మీరు రాసియ్యుండ్రి.”

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జనం నా సంతకం కోసం ఇంటికి వచ్చారు గానీ నా తెలివి కోసం ఎవరూ రాలేదు. వెంటనే ఒప్పుకున్నాను.

యూరప్ వాళ్ళు పంపిన పత్రంలో టైర్ల గురించే పేజీలకు పేజీలు ఉన్నాయి. మనుషుల గురించి ఒకే ఒక్క వాక్యం: కంప్యూటర్ జట్లు తమ డ్రైవర్ల విషయంలో సమంజసంగా ప్రవర్తించాలి. ‘సమంజసంగా’ అనే మాట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం పొడుగునా నేను చేసింది అదే కదా.

రాయడం మొదలుపెట్టాను. డ్రైవర్‌కు మస్టర్, అంటే హాజరు లెక్క, పెట్టాను. సీనియారిటీని బట్టి జీతం పెరుగుతుంది. జట్టు మారితే సర్వీసు మళ్ళీ ఒకటి నుంచి మొదలు. దెబ్బ తగిలితే కోలుకునేదాకా తేలిక పని ఇస్తారు. గనిలో అండర్‌గ్రౌండ్ మనిషికి దెబ్బ తగిలితే సర్ఫేస్ మీద పని ఇచ్చినట్టు, ఇక్కడ ప్రాక్టీసు యంత్రం దగ్గర కూర్చోబెడతారు. పూర్తిగా అన్‌ఫిట్ అయితే వారసులకు సీటు. ఉద్యోగం నుంచి తొలగించడానికి ఒకే ఒక్క కారణం, గైర్హాజరు. అది కూడా ముందు చార్జిషీటు, తరవాత సంజాయిషీ, తరవాత విచారణ, ఆ పైన ఉత్తర్వు. ఈ వరుస తప్పితే ఏ కోర్టులోనూ నిలవదని ఒక వివరణ కూడా జోడించాను. సునీత చదివి “ఎంత పద్ధతిగున్నది సార్” అన్నది. ప్రోగ్రాములు రాసే రమేశ్ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అంతా కోడులోకి ఎక్కించాడు. అతను వైరా దగ్గర వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు, మాట తక్కువ. నాలుగో మనిషి లక్ష్మి, చండ్రుగొండ నుంచి రోజూ బస్సులో వచ్చేది, బొమ్మలూ రంగులూ ఆమె పని. ఆమె కూడా బాగుందన్నది. నలుగురు మెచ్చిన నియమావళి నా సర్వీసులో అదొక్కటే.

తరవాత మొదలైంది తంటా.

ఇలాంటి ఆటలకు ఒక పరీక్ష ఉంటుంది. మనుషులెవరినీ రానివ్వకుండా కంప్యూటర్ జట్లనే ఒకదానితో ఒకటి పోటీకి వదిలి, సీజన్ల మీద సీజన్లు పరుగెత్తిస్తారు. ఇరవై ముప్పై ఏళ్ళ రేసులు ఒక పూటలో ముగుస్తాయి. అన్నేళ్ళ తరవాత కూడా ఆట బతికి ఉందా లేదా చూస్తారు. మా ఆటలో కార్లు బతికే ఉన్నాయి. డ్రైవర్ల మార్కెట్టు చచ్చిపోయింది. మార్కెట్టు అంటే ఏ జట్టులోనూ లేని, ఎవరైనా తీసుకోగలిగిన డ్రైవర్ల పట్టిక. మొదటి రెండు మూడు సీజన్లు అందులో పేర్లుండేవి. ఆ తరవాత ఖాళీ. కొత్తగా ఆటలోకి వచ్చినవాడు డ్రైవర్ కావాలని వెతికితే, నూనూగు మీసాల కుర్రాళ్ళు ఒకరిద్దరు తప్ప ఎవరూ దొరికేవారు కారు. ఆట మొదలు పెట్టగానే ఆడేవాడు ఓడిపోయినట్టే.

ఎందుకిలా అవుతుందో మాకు అంతుబట్టలేదు. రమేశ్ మొదట యాదృచ్ఛిక సంఖ్యలు తప్పుగా వస్తున్నాయన్నాడు. ఆటలో అదృష్టం పాలు లెక్కగట్టే భాగమది. దాన్ని మార్చాడు. ఫలితం మారలేదు. తరవాత డేటాబేసులో పేర్లు ఎక్కడో చిక్కుకుపోతున్నాయని వారమంతా దాన్ని తవ్వాడు. పేర్లన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. సునీత జీతాలు పెంచి చూసింది, ఎక్కువ ఇస్తామంటే డ్రైవర్లు జట్లు మారతారేమోనని. ఒక్కడూ కదలలేదు. సర్వీసు పోతుందంటే ఎవడు కదులుతాడు? ఆ సంగతి నేనే చెప్పాను, చాలా తెలివిగా చెప్పాననుకుంటూ.

నా వంతుగా ఒక ఉపాయం కూడా ఇచ్చాను. పోస్టులు పెంచితే సమస్య తీరుతుందని, జట్టుకు ఇద్దరు డ్రైవర్ల బదులు నలుగురిని మంజూరు చేయించాను. దాంతో రెండు కార్లకు నలుగురు డ్రైవర్లు, ఇద్దరు నడపడం, ఇద్దరు వాళ్ళెప్పుడు గైర్హాజరవుతారా అని ఎదురుచూడటం. గనిలో దీన్ని యాక్టింగ్ అంటాం. రానివాడి బదులు ఇంకొకడు ఆ రోజుకు ఆ పని చేస్తాడు. మార్కెట్టు ఇంకా జల్దీగా ఖాళీ అయిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు వేసినవాణ్ణి నేనే.

ఇంకో వింత కూడా బయటపడింది. ముప్పై సీజన్ల తరవాత చూస్తే జట్లలో అవే ఇంటిపేర్లు. తండ్రి అన్‌ఫిట్, కొడుకు చేరిక, కొడుకు అన్‌ఫిట్, మనవరాలి చేరిక. లక్ష్మి గీసిన డ్రైవర్ల బొమ్మలన్నీ అవే కుటుంబాల పోలికలతో మా గని కాలనీలాగా తయారయ్యాయి. అప్పుడు మాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. యూరప్ వాళ్ళ తరఫున మా పని చూసే మార్టిన్ అనే ఆయన మాత్రం, ఇది పేర్లు పుట్టించే భాగంలో లోపమా అని రాసి అడిగాడు. లోపం లేదని సునీత జవాబిచ్చింది. అబద్ధం కాదు, నిజంగానే లేదు.

పరీక్ష రెండుసార్లు తప్పాక హైదరాబాదు నుంచి మెయిలొచ్చింది. మూడోసారి కూడా తప్పితే పని అక్కడి ఆఫీసుకు తీసుకుంటామని, కొత్తగూడెం శాఖ అవసరం గురించి ఆలోచిస్తామని. ఆలోచిస్తామంటే మూసేస్తామని అర్థం. ఇలాంటి ఉత్తరాలు నేను బోలెడు రాశాను కాబట్టి నాకు అర్థం చెప్పేవాళ్ళు అక్కర్లేదు.

సునీత ఆ రోజు టిఫిన్ డబ్బా తెరవలేదు. “సార్, గిది పోతే నేను మళ్ళ హాస్టల్ల పడాలె. లేకుంటే ఉద్యోగం ఇడిసిపెట్టి ఇంట్ల కూసోవాలె. రెండూ నాతోని గావు సార్,” అన్నది. నాకు భయం వేసింది. నా జీవితంలో ఎంతోమంది ఉద్యోగాల గురించి ఫైళ్ళు కదిపాను గానీ, ఒక ఉద్యోగం పోతుంటే ఎందుకు పోతుందో తెలియకపోవడం అదే మొదలు. తప్పెక్కడుందో తెలిస్తే దిద్దుకోవచ్చు. కోడు వరస వరసా చదివాం. ప్రతి వరసా సరిగ్గానే ఉంది.

మూడో పరీక్షకు ముందు మార్టిన్ వీడియో కాల్ పెట్టాడు. మెత్తని మనిషి. తన తెర మీద మా ఆటను చూపిస్తూ, నీలం జట్టు తెరిచి, బ్రూనో తాస్కా అనే డ్రైవర్ దగ్గర ఆగాడు. కంప్యూటర్ పుట్టించిన పేరు అది. ఈ తాస్కా సీజన్ తరవాత సీజన్ చివరి స్థానంలోనే వస్తున్నాడు, అయినా ఇతని జీతం ఏటా పెరుగుతోంది, ఈ జట్టు ఇతన్ని ఎందుకు తీసేయలేదు అని అడిగాడు.

సునీత ఏమాత్రం తడుముకోకుండా, అతని రికార్డు శుభ్రంగా ఉంది అని ఇంగ్లీషులో చెప్పింది.

ఏ రికార్డు అని మార్టిన్ అడిగాడు.

హాజరు రికార్డు అన్నది.

మార్టిన్ నవ్వాడు, హాస్యమనుకొని. మేం నలుగురం నవ్వలేదు. అతను నవ్వు ఆపి మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. మేం అతని ముఖం చూశాం. ఆ క్షణం అటూ ఇటూ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

చివరికి అతనే చెప్పాడు. నిజం రేసుల్లో చివర వచ్చేవాడికి మరుసటి ఏడు సీటు ఉండదు, అతను పోతేనే కదా ఇంకొకడికి చోటు దొరికేది అని. నాకు ఉండబట్టలేదు. మైకు తెరిచి, అతని మీద చార్జి ఏమిటి అని అడిగాను. మార్టిన్‌కు ఆ మాట అర్థం కాలేదు. నేరమేమీ లేదు, నెమ్మదిగా నడుపుతాడు, అంతే అన్నాడు. కారే నెమ్మదిదైతే అన్నాను. అప్పుడప్పుడు కారుదే తప్పు, అయినా డ్రైవరే పోతాడు అన్నాడు. విచారణ లేకుండానా అని నేను అడిగేలోపు సునీత చెయ్యి చాచి నా మైకు ఆపేసింది. అప్పటిదాకా ఆమె నా మాటకు ఎప్పుడూ అడ్డు రాలేదు.

కాల్ అయ్యాక మాకు తెలిసొచ్చింది. తప్పు కోడులో లేదు. మా బుర్రల్లో ఉంది, అందుకే కోడు ఎన్నిసార్లు చదివినా కనిపించలేదు. గనుల మధ్య బతికినవాళ్ళకు, డ్యూటీకి వచ్చినవాణ్ణి తీసేయొచ్చనే ఆలోచనే రాదు. ఒక్క రమేశ్ మాత్రం నేల చూస్తున్నాడు. ఏమయ్యా అంటే, మెల్లగా నోరు విప్పాడు.

“మా తాతగారి కాలంలో పని నచ్చకపోతే జీతగాణ్ణి ఉగాదికి మార్చేసేవారండి. ఇందులో అదెక్కడా లేదేంటా అనుకున్నాను. మీరు పెద్దవారు, మేనేజిమెంటు నియమాలు మీకు తెలియనివా అని అడగలేదు.”

“గిన్ని రోజులు గుండెల పెట్టుకొని డేటాబేస్ తవ్వినవా?” అని సునీత అతని మీద విరుచుకుపడింది. నేను కూడా తిట్టేవాణ్ణే గానీ, అతను చెప్పిన కారణం నా హోదాకు ఇచ్చిన గౌరవమైపోయింది. గౌరవాన్ని ఎలా తిడతాం?

కొత్త నియమం రాయాల్సి వచ్చింది. సునీత కీబోర్డు ముందు కూర్చొని, కాసేపటికి కుర్చీ జరిపి, “మీరే చెప్పుండ్రి సార్, నేను కొడత” అన్నది. వరసగా రెండు సీజన్లు ఆశించిన స్థానం కన్నా కింద ఉంటే డ్రైవర్ ఒప్పందం పొడిగించకూడదు. సీనియారిటీ లెక్కలోకి రాదు. వారసులకు సీటు లేదు. చార్జిషీటు, విచారణ అక్కర్లేదు. ఒక్కో వాక్యం చెబుతుంటే నా సర్వీసులో చేసిన పనినంతా నేనే కొట్టేస్తున్నట్టు అనిపించింది. చెప్పడం పూర్తయ్యాక చూస్తే మొత్తం నాలుగు వాక్యాలు. నేను అంతకుముందు రాసిన నియమావళి ముప్పై పేజీలు.

పరీక్ష మళ్ళీ నడిపాం. మార్కెట్టు కళకళలాడింది. రెండో సీజన్ ముగియగానే తాస్కా పేరు పట్టికలోకి వచ్చింది. ఎవరూ తీసుకోలేదు. ఇంకో రెండు సీజన్ల తరవాత ఆకుపచ్చ జట్టు తక్కువ జీతానికి తీసుకుంది, అక్కడ అతను మూడో స్థానంలో వచ్చాడు. అంటే ఇన్నాళ్ళూ కారుదే తప్పా? లేక ఉద్యోగం పోవడం వల్ల బుద్ధిగా నడిపాడా? అదంతా సంఖ్యలే సార్, మనిషి లేడు అని రమేశ్ నచ్చజెప్పాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మూడో పరీక్ష పాసయ్యాం. సునీత స్వీట్లు పంచింది. సంపత్ డ్యూటీ దిగి నల్లటి ముఖంతోనే ఆఫీసుకు వచ్చి మా అందరికీ చేతులు కలిపి వెళ్ళాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను వేజ్‌బోర్డు పెంచిన జీతాల బకాయిలు చెల్లించిన రోజు కూడా చూడలేదు.

ఆ తరవాత నెల తిరక్కుండా సునీత మా ఇంటికి వచ్చింది. టీ తాగింది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది. ఆ ముందు రోజు అడిగిన సంగతే మళ్ళీ అడిగింది. సాసరును బల్ల మీద అటూ ఇటూ జరుపుతోంది. నాకు ఆ జరపడం బాగా తెలుసు. ఉత్తర్వు జేబులో పెట్టుకొని నేనూ ఎన్నో ఇళ్ళలో సాసర్లు జరిపాను.

“ఒకరిని తగ్గించమన్నరా?” అని నేనే అడిగాను.

“అవ్ సార్. శాఖ ఉండాలంటే ముగ్గురితోనే నడపాలెనన్నరు. పేరు నన్నే పంపమన్నరు.” సాసరు వదిలేసి, “పొద్దటి సంది ఆలోచన జేస్తున్న సార్. నాకేం తోస్తలేదు,” అన్నది.

నేను కూడా ఆలోచించాను, అది నా వృత్తి కాబట్టి. రమేశ్ లేకుండా రేసు నడవదు. లక్ష్మి లేకుండా తెర మీద ఏమీ కనబడదు. మనుషుల నియమాలు నాలుగు వాక్యాలకు కుదించుకుపోయాయి, వాటికి సలహాదారు అక్కర్లేదు. మార్టిన్ పద్ధతిలో చూస్తే ఆఫీసులో అందరికన్నా వెనకబడినవాణ్ణి నేనే. మా గనుల పద్ధతిలో చూసినా, మనుషుల్ని తగ్గించే రిట్రెంచ్‌మెంట్‌లో ఆఖరున చేరినవాడే ముందు పోవాలి, ఆఖరున చేరిందీ నేనే. రెండు చట్టాలూ ఒకే పేరు దగ్గర ఆగాయి.

“నా పేరు పంపు” అన్నాను.

ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాకూ బాధ కలిగింది, దాచడమెందుకు. ఆ బాధలో ఒక పిచ్చి ప్రశ్న కూడా వేశాను: “ఇంతకీ నా పనిల తప్పేమన్న ఉన్నదా?”

“తప్పేం లేదు సార్. మీరు ఏం తప్పు జేసిండ్రు?” అన్నది.

మరుసటి నెల నుంచి నేను ఆఫీసుకు వెళ్ళలేదు. శాఖ నడుస్తోంది. సునీత సంపత్‌తో కలిసి మెయిన్ ఆస్పత్రి దగ్గర క్వార్టర్లో ఉంటోంది. ఆట కూడా బాగానే ఆడుతున్నారట.

సర్వీసులో ఉండగా చార్జిషీటును అందరూ శిక్షలో మొదటి మెట్టనే అనుకునేవారు, నేనూ అలాగే అనుకున్నాను. కాదని ఈ పనిలో తెలిసింది. ఏ తప్పు చేశాడో రాసి చేతికిచ్చినప్పుడు కార్మికుడికి జవాబు చెప్పుకోవడానికి ఏడు రోజుల గడువు ఉంటుంది. ఏ తప్పూ చేయనివాణ్ణి తీసేసినప్పుడు జవాబు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.